అన్న ఆపుమన్నడు

మా యార్డు ఇప్పుడు నా మేనల్లుడి చేతిలో ఉంది. వాడు కుర్చీలో కూర్చుని రెడీమిక్స్ లారీ ఎక్కడుందో ఫోన్‌లో చూసుకుంటాడు. మంచిదే. నేను మాత్రం లారీ ఎక్కడుందో తెలియక సగం జీవితం జగిత్యాల బస్టాండు దగ్గర నిలబడి గడిపాను.

మొన్న వాడి వెంట ఈ వ్యాపారంలోకి కొత్తగా దిగుతున్న కుర్రాళ్లు వచ్చి, "మామా, నువ్వు చేసినప్పటి ముచ్చట్లు చెప్పరాదే" అన్నారు. ధరలు, లైసెన్సులు, లాభాలు వాళ్లకు నాకంటే బాగా తెలుసు. నేను ఏ సంవత్సరం ఎంత అమ్మానో చెబితే వాళ్లకు ఒరిగేదేమీ లేదు. అందుకని వాళ్లు ఎక్కడా నేర్చుకోలేనిదేదో రాద్దామని కూర్చున్నాను.

ఇసుక, కంకర, ఇటుక, సిమెంటు అమ్మినవాణ్ణి నేను. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మధ్యనే తిరిగాను. తిరిగిన కాలం మాత్రం మంచిది కాదు. ఊళ్లలో ఒకవైపు నక్సలైట్ల దళాలు, ఇంకోవైపు పోలీసులు. దళంలోని వాళ్లను అన్నలు అనేవాళ్లం. లారీ కనిపిస్తే ఇద్దరూ ఆపేవాళ్లు, ఇద్దరూ ఒకటే అడిగేవాళ్లు: "మాలు ఎవలికి పోతున్నది?" ఇద్దరికీ ఒకటే జవాబు చెప్పడం నా అలవాటు. అందుకే బతికి ఉన్నాననుకుంటాను.

నా పేరు రాజన్న. మా అమ్మ వేములవాడ రాజన్నకు మొక్కుకుంటే పుట్టానట, అందుకని దేవుడి పేరే పెట్టింది. ఈ పేరుతో ముందుముందు ఒక తంటా ఉంది.

ఏ బండలు?

నాకు పని నేర్పింది జగిత్యాలలో ఒక ముసలి సేటు. నోరు మంచిది కాదు, మనిషి మంచివాడు. ఇసుకను పిడికిట్లో పట్టి వదిలేవాడు, అరచేతికి మన్ను అంటుకుంటే లారీని వెనక్కి తిప్పేవాడు. రెండు ఇటుకలు తీసుకుని ఒకదానికొకటి కొట్టి వినేవాడు. ఖంగుమంటే మంచిది, బొద్దుమంటే లోపల కాలలేదన్నమాట. ఇవన్నీ ఎవరైనా నేర్పుతారు. ఆయన నేర్పిన అసలు పాఠం వేరే.

నేను చేరిన కొత్తలో పెగడపల్లి వైపు నుంచి ఒక రైతు వచ్చి "బండలు పంపుండ్రి" అని చెప్పిపోయాడు. ఇల్లు కడుతున్నాడు కాబోలనుకుని ఇంట్లో పరిచే షాబాద్ బండలు ఎక్కించి పంపాను. ఆయన తవ్విస్తున్నది బావి. లోపల గోడ కట్టడానికి గుట్టరాయి కావాలి ఆయనకు. నున్నటి బండలు బావి గడ్డన దించేసరికి ఊరంతా వచ్చి నవ్విందట.

సేటు నవ్వలేదు. "ఏ బండలు అని అడిగితె నీ నోరు అరుగుతదారా? ఇటుకను సుత కొట్టి కొట్టి అడుగుతున్నవ్, మనిషిని అడుగుతానికి ఏమాయె?" అన్నాడు. తర్వాత చాలా రోజులు నేను షాపులోకి రాగానే "ఏ బండలు వచ్చినయ్ ర?" అని పలకరించేవాడు. కోపం వచ్చేది. ఆ మాట విలువ తెలిసేనాటికి ఆయన లేడు.

కొనేవాడు ఎదురుగా ఉండడు

కోరుట్ల చుట్టుపక్కల ఇళ్లన్నీ దుబాయి పైసలతోనే లేచాయి. ఇల్లు కట్టించేది భార్య, కట్టమనేది భర్త, ఆయన ఉండేది సముద్రానికి అవతల. ఉత్తరం రాయడం రానివాళ్లు మాటలు క్యాసెట్టులో నింపి పంపేవాళ్లు. ఒక ఇల్లాలైతే టేపురికార్డరును ఇసుక కుప్ప మీదనే పెట్టుకుంది. సుతారి, అంటే మేస్త్రీ, సిమెంటు కాస్త తగ్గిద్దామనగానే మీట నొక్కేది. అందులోంచి భర్త గొంతు: "సిమెంటుకాడ కొసురద్దు. కంకర కడిగి ఎయ్యాలె. రాజన్న సేటు కాడనే తేవాలె." సుతారి టేపురికార్డరు ముందు చేతులు తిప్పుతూ వాదించేవాడు, అది మాత్రం తన మాటే తాను చెప్పేది. నాకు అంతకుమించిన ప్రకటన ఇంకెవరూ చేసిపెట్టలేదు.

సిరిసిల్లది ఇంకో తీరు. అక్కడ సాంచెల షెడ్లకు గచ్చు వేయించేవాళ్లం. మరమగ్గాలను సాంచెలంటారు. గచ్చు ఆరి గట్టిపడేదాకా సాంచెలు నడపవద్దని ఎంత మొత్తుకున్నా వినేవాళ్లు కాదు. "సాంచె ఆగితె పొయ్యి ఆగుతది సేటు" అనేవాళ్లు. గచ్చు పగిలేది, నన్ను తిట్టేవాళ్లు, మళ్లీ నన్నే పిలిచేవాళ్లు. కోపం తెచ్చుకోలేకపోయేవాణ్ణి. ఆగితే గడవనివాళ్లకు ఆగమని చెప్పడం సులువు కాదు.

కాంక్రీటు కూడా సాంచెలాంటిదే. మొదలుపెట్టాక ఆగకూడదు. ఇక నేను చెప్పాలనుకున్న వంతెన దగ్గరికి వస్తాను.

అన్న ఆపుమన్నడు

ఊరి పేరు వదిలేస్తాను. వాగుకు అవతల ఉన్న పల్లె. వానాకాలం వస్తే ఆ ఊరు మంచం పట్టిన మనిషిని కూడా ఇవతలికి తేలేకపోయేది. చిన్న వంతెన మంజూరైంది. ఏ కంట్రాక్టరూ ముందుకు రాలేదు. రోడ్డు పడితే పోలీసు జీపులు వస్తాయని అన్నలు అడ్డుకుంటారన్న భయం. చివరికి నారాయణరావు అనే ఆయన తీసుకున్నాడు. ఒకప్పుడు దొరల కుటుంబం, ఊళ్లో ఉండలేక పట్నం చేరి కంట్రాక్టులు పట్టుకున్నారు. మాలు వేయడానికి కూడా ఎవరూ ఒప్పుకోకపోతే నన్ను పిలిచాడు. ఒప్పుకున్నాను. ధైర్యం కాదు, ఆ దారిలో నా లారీలు ఎలాగూ తిరుగుతున్నాయి.

ఇసుక తోలడానికి మల్లేశం, పోశం అని అన్నదమ్ములను పెట్టాను. పెద్దవాడు మల్లేశం వాగులో కూలీలతో ఇసుక ఎత్తించేవాడు. చిన్నవాడు పోశం ట్రాక్టరు నడిపేవాడు. తండ్రి లేడు, మల్లేశమే పెంచాడు. పోశం నోట మాటకు ముందు "మా అన్న" వచ్చేది. "మా అన్న తిన్నడా?" "మా అన్ననడిగి చెప్త." టైరులో గాలి పట్టాలన్నా అన్ననే అడిగి పట్టేవాడు. మేము ఆటపట్టించేవాళ్లం.

స్లాబు పోసే రోజు తెల్లవారగానే పని మొదలైంది. కంకర, ఇసుక, సిమెంటు కలిపే యంత్రాన్ని మా వైపు మిల్లరు అంటారు. అది ఒక గట్టున తిరుగుతోంది, ఆడవాళ్లు, మగవాళ్లు వరుసగా నిలబడి తట్టలు అందిస్తున్నారు. సగం దాకా బాగానే సాగింది. అక్కడ ఇసుక తక్కువ పడింది. అంతకుముందు కురిసిన వానకు ఇసుక తడిసింది. తడి ఇసుక ఉబ్బి నిండుగా కనిపిస్తుంది, కొలిస్తే తక్కువే ఉంటుంది. కొత్తవాళ్లు ఇది మరచిపోకండి. ఇంకో రెండు ట్రిప్పులు తెమ్మని పోశాన్ని వాగు పైకి పంపాను.

కొంతసేపటికి పోశం వచ్చాడు, ట్రాక్టరు లేకుండా. గట్టు మీదుగా ఉరుకుతూ వచ్చి, వగరుస్తూ అరిచాడు: "అన్న ఆపుమన్నడు! అన్న ఆపుమన్నడు!"

అంతే. చేతుల్లో ఉన్న తట్టలు ఉన్నచోటే పడ్డాయి. తట్టలు అందిస్తున్న వరుస అటు సగం, ఇటు సగం తెగి చెట్లలోకి పరుగెత్తింది. నారాయణరావు మోటరుసైకిలును తన్ని తన్ని, అది పలకకపోతే దొర్లించుకుంటూ పోయాడు. అందరూ ఉరకడం చూసి పోశం బిత్తరపోయాడు. వీళ్లకేదో కనిపించిందనుకుని, వార్త తెచ్చినవాడే అందరికన్నా ముందు చేలల్లో పడ్డాడు. నేనూ లారీ ఎక్కి బయలుదేరాను. మిల్లరు ఒక్కటే అక్కడ తిరుగుతూ ఉండిపోయింది.

జరిగింది ఇది. పైన ఎక్కడో పెద్ద వాన పడి వాగులో నీళ్లు రావడం మొదలైంది. ట్రాలీ ఇసుకలో దిగబడింది. మల్లేశం తమ్ముడితో అన్నాడు: "ఇగ ఉస్కె రాదు. అక్కడ మాలు కలుపుడు ఆపుమని చెప్పుపో." పోశం ఆ మాటే మోసుకొచ్చాడు. చెప్పాల్సిన మనిషి పేరు వాడి నోట ఎప్పుడూ ఒకటే, అన్న. మేము విన్న అన్న వేరు.

ఏ అన్న అని అడిగితే సరిపోయేది. ఒక్కరి నోరూ లేవలేదు. ఆ రోజుల్లో ఆ మాట వింటే కాళ్లు ముందు లేచేవి, నోరు తర్వాత. అసలైన అన్నలకు ఆ వంతెన సంగతే పట్టలేదని చాలా రోజులకు గానీ తెలియలేదు.

స్టేషన్లో

పని ఆగినందుకు తన మీదికి రాకుండా నారాయణరావు ఆ సాయంత్రమే పై ఆఫీసులో చెప్పుకున్నాడు, తీవ్రవాదులు మనిషిని పంపి పని ఆపించారని. మాట పోలీసులకు చేరింది. కబురు తెచ్చిన మనిషి ఎవడని అడిగితే సైటులో అందరూ చూసిన మనిషి పోశమే. మర్నాడు పొద్దున్నే జీపు వచ్చి ఎత్తుకుపోయింది.

మల్లేశం జగిత్యాలలో నా షాపు ముందుకొచ్చి నిలబడ్డాడు. కాళ్లకు చెప్పులు లేవు.

"సేటు, మా తమ్మున్ని పట్కపోయిండ్రు. ఏ దళంల పని చేస్తున్నవని అడుగుతుండ్రట. ఆపుమన్నది నేను గద సేటు? ఎవలన్న ఏ అన్న అని అడిగిండ్రా వాన్ని?"

ఆ రోజుల్లో అలా పోయినవాడు ఇంటికి తిరిగొస్తాడో, మర్నాటి పేపర్లో ఎదురుకాల్పుల వార్తలో కనిపిస్తాడో చెప్పలేకపోయేవాళ్లం. నేను చొక్కా మార్చుకుని ముందు నారాయణరావు ఇంటికి పోయాను. పొరపాటు పడ్డామని మీరు వచ్చి ఒక్క మాట చెబితే చాలన్నాను.

"నేను ఒక మాట చెప్పిన రాజన్నా. ఇప్పుడు ఇంకో మాట చెప్తే నన్ను లోపలేస్తరు. పనిల ఆలస్యం నా నెత్తిన పడ్తది" అన్నాడు. చాయ్ తాగి పొమ్మన్నాడు. తాగలేదు. నాకు ఎందరో కంట్రాక్టర్లు తెలుసు, కల్తీ చేసినవాళ్లు, ఎగవేసినవాళ్లు. వాళ్లను క్షమించాను. ఈయనను క్షమించలేదు. భయపడ్డందుకు కాదు, భయపడనివాడెవడు? తన భయాన్ని ఇంకొకడి నెత్తికెత్తి హాయిగా చాయ్ తాగుతున్నందుకు.

స్టేషన్ ఏదో రాయను. సర్కిల్ సారు జిల్లాకు కొత్త, ఆయన మాట తీరు వేరు. నన్ను చూసి పేరడిగాడు.

"రాజన్న సార్."

"మీరూ అన్నేనా?" అన్నాడు, నవ్వకుండా.

మల్లేశం చేతులు జోడించాడు. "సార్, ఆపుమన్నది నేనే సార్. వాగుల నీళ్లు వచ్చి ట్రాలీ దిగవడ్డదని ఆపుమన్న. నేను వాని అన్నను. ఒక్క తల్లి పిల్లలం సార్."

"పట్టుకున్నాక అందరూ ఇలాగే అన్నదమ్ములైపోతారు" అన్నాడు సారు. పోశాన్ని తీసుకురమ్మన్నాడు.

పోశం గోడ పట్టుకుని వచ్చాడు. అరికాళ్లు నేల మీద పూర్తిగా మోపడం లేదు. మమ్మల్ని చూశాడో లేదో.

"చెప్పు, ఎవరు ఆపమన్నారు?"

"ఎవ్వలు ఆపుమనలే సార్. నాకు అన్న లేడు సార్. ఏ అన్న లేడు."

మల్లేశం గొంతులోంచి వచ్చిన చప్పుడు నేను ఇప్పటికీ మరచిపోలేదు. "ఒరే, నేనురా! ఇటు సూడు!"

సారు మల్లేశాన్ని చూపించాడు. "ఇతనెవరు?"

పోశం అన్న ముఖంలోకి చూశాడు. చూసి తల దించుకున్నాడు. "మల్లేశం సార్."

"నీకేమవుతాడు?"

వాడు మాట్లాడలేదు. ముందురోజు దాకా గాలి పట్టాలన్నా వాడి నోట్లోంచి వచ్చిన మాట అది. ఆ మాట పలికిన ప్రతిసారీ దెబ్బ పడుతుందని ఆ గదిలో నేర్చుకున్నాడు. మా అన్న అని ఒక్క మాటంటే బయటపడతాడు, అదే అనలేకపోతున్నాడు. నేను అనిపించబోతే సారు చెయ్యెత్తి ఆపాడు.

సరిగ్గా అప్పుడు ఒక కానిస్టేబుల్ తలుపులోంచి తొంగిచూసి, పక్కనే నిలబడ్డ హెడ్డును పిలిచాడు. "అన్నా, సారుకు చాయ్ తెమ్మందునా?"

సారు మెల్లగా హెడ్డు వైపు తిరిగాడు. "నువ్వెవరికయ్యా అన్నవి?"

హెడ్డు నీళ్లు నమిలాడు. "ఈడ గంతే సార్. వయసుల పెద్దోడు కనవడితె అన్ననే. కండక్టర్ సుత అన్ననే, చాయ్ హోటలాయన సుత అన్ననే. ఇగ సొంత అన్ననైతె పేరువెట్టి పిలిచేదే లేదు సార్."

సారు చాలాసేపు పోశం పాదాలు చూశాడు. తర్వాత నన్ను అడిగాడు, "ట్రాలీ దిగబడిందన్నారు. అక్కడే ఉందా?"

ఉందన్నాను. జీపు పంపాడు. అది తిరిగొచ్చేదాకా ముగ్గురం గోడకు ఆనుకుని కూర్చున్నాం. వాగు ఆ ట్రాలీని ఎత్తుకుపోకుండా చూడమని వేములవాడ రాజన్నను ఎన్నిసార్లు వేడుకున్నానో. మునుపెప్పుడూ నా మాలు దిగబడాలని నేను కోరుకోలేదు. జీపు వచ్చింది. ట్రాలీ ఇరుసు దాకా ఇసుకలో ఉందట, తాళ్లు కట్టి గుంజినా రావడం లేదట.

"తీసుకెళ్లండి" అన్నాడు సారు. పొరపాటైందని అనలేదు. అనే కాలం కాదు అది.

అతుకు

నీళ్లు తగ్గాక వంతెన దగ్గరికి పోయాం. సగంలో ఆగిన స్లాబు అంచు గట్టిపడి ఉంది. దాని మీదనే మిగతాది పోసేద్దామన్నాడు నారాయణరావు. పాత కాంక్రీటు కొత్తదాన్ని తనంతట తాను పట్టుకోదు. బలహీనంగా ఉన్నంతవరకు కొట్టెయ్యాలి, అంచును గరుకు చెయ్యాలి, దుమ్ము పోయేలా కడగాలి, సిమెంటు పాలు పూసి అప్పుడు కొత్త మాలు వెయ్యాలి. అలా చెయ్యకపోతే నా లారీ రాదన్నాను. అక్కడికి వేరే ఎవరి లారీ ఎలాగూ రాదు కాబట్టి ఇంజనీరును పిలిచి ఆయన చెప్పినట్టే చేయించాడు. ఆ పని ముగిశాక నారాయణరావుకు పిడికెడు ఇసుక కూడా వెయ్యలేదు నేను.

ఆ అంచు కొట్టింది మల్లేశమే. ఇనుప ఉలితో కొడుతూ, తలెత్తకుండా అన్నాడు:

"సేటు, ఇంట్ల వాడు నన్ను మల్లేశం అంటుండు. మా అవ్వ తిడ్తున్నది, అన్నను పేరువెట్టి పిలుస్తవా అని. తిట్టకే అని చెప్పిన. వానికి నోరు తిరుగుత లేదు."

"కొన్ని రోజులు పోతే అదే వస్తుంది" అన్నాను. అది రాలేదు. పోశం ఆ ఏడాదే దుబాయి పోయాడు. ఒకసారి మల్లేశం వాడి క్యాసెట్టు తెచ్చి నా షాపులో పెట్టి వినిపించాడు. అవ్వను అడిగాడు, బర్రెను అడిగాడు, ట్రాక్టరును అడిగాడు. "మల్లేశం మంచిగున్నడా?" అనీ అడిగాడు. మల్లేశం క్యాసెట్టు వెనక్కి తిప్పి అక్కడే మళ్లీ విన్నాడు. "గొంతు మంచిగనే ఉన్నది గద సేటు?" అన్నాడు. బాగానే ఉందన్నాను.

వంతెన మీద ఇప్పుడు బస్సు పోతుంది. అతుకు దగ్గర చుక్క నీరు కారదు. ఆ దారిన పోతే దిగి చూసుకుంటాను, చేసిన పనుల్లో నేను దిగి చూసేది అదొక్కటే.

చివరి స్లాబు

నేను యార్డు మేనల్లుడికి అప్పగించడానికి ముందు వేసిన చివరి మాలు కోరుట్ల అవతల పోశం కొత్త ఇంటికి. తిరిగొచ్చాడు, జుట్టు తెల్లబడింది. రెడీమిక్స్ వద్దన్నాడు, రాజన్న సేటు ఇసుకే కావాలన్నాడు. కింద మిల్లరు దగ్గర మల్లేశం. తట్టలు మొయ్యలేడు గానీ, మిల్లరును వంచి మాలు దించే పని మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. పోశం పైన స్లాబు మీద నిలబడి చూసుకుంటున్నాడు.

సగం పోశాక తుంపర మొదలైంది. కూలీలు ఆకాశం వైపు చూశారు. ఎవరో "ఆపుదమా?" అన్నారు. మల్లేశం మిల్లరు మీద చెయ్యి వేసి ఆగాడు. నా దగ్గర టార్పాలిన్లు ఉన్నాయి, కప్పుకుంటూ పోయవచ్చు, అదే చెప్పబోతున్నాను. పైనుంచి కేక వినిపించింది.

"అన్నా! ఆపకు! రానియ్యి!"

మల్లేశం తలెత్తాడు. మిల్లరు తిరుగుతూనే ఉంది, ఆయన చెయ్యి మాత్రం కదల్లేదు. తట్టలు పట్టుకున్న ఆడవాళ్లు, "ఓ పెద్దయ్యా, మాలు దించవేంది?" అని నవ్వుతున్నారు. పైన పోశం కూడా అలాగే నిలబడిపోయాడు, తన నోట వచ్చింది తనే విన్నట్టు. తర్వాత మల్లేశం భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తుంపర పడుతోంది కాబట్టి ఎందుకని ఎవరూ అనుకోలేదు. మిల్లరును వంచాడు. మాలు దిగింది.

ఏ అన్న అని ఆ రోజు ఎవరూ అడగలేదు.